చికిత్స ముగిసిన తరువాత తలుపు తట్టేదెవరు?

తెల్లవారుజామున చిల్లకల్లు కూడలిలో హైదరాబాదు బస్సు కోసం నిలబడేవారిని గమనించండి. వ్యాపారం మీద వెళ్లేవారుంటారు, ఉద్యోగాలకు వెళ్లే యువకులుంటారు. వారి నడుమ చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో లావుపాటి ఆసుపత్రి ఫైలు పట్టుకుని నిలబడే దంపతులు కూడా తరచుగా కనిపిస్తారు. భర్త రోగి అయితే భార్య చేతిలో ఆ ఫైలు ఉంటుంది, భార్య రోగి అయితే భర్త చేతిలో. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల ప్రజలకు క్యాన్సర్ చికిత్స అంటే దూరప్రయాణమే. అటు హైదరాబాదు అయినా, ఇటు విజయవాడ, గుంటూరు అయినా, ఒక రోజు కూలి పోగొట్టుకోకుండా, ఒక రాత్రి నిద్ర చెడకుండా వెళ్లి రావడం సాధ్యం కాదు.

మా మద్రసాకు సమీపంలో నివసించే ఒక సోదరుడు దాదాపు ఏడాదిపాటు ఇలాగే తిరిగాడు. పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్. ముందు రేడియేషన్, తరువాత పెద్ద ఆపరేషన్, ఆపైన కీమో. అల్లాహ్ అనుగ్రహంతో చికిత్స పూర్తయింది. ఆయన ఇల్లు చేరిన వారంలో పేటలోని బంధుమిత్రులందరూ వెళ్లి పరామర్శించారు. మేమూ వెళ్లాము. స్వస్థత కోసం దుఆ చేశాము, సహనం వహించమని బోధించాము, టీ తాగి తిరిగి వచ్చాము. మా బాధ్యత నెరవేరిందని అనుకున్నాము.

నాలుగు నెలల తరువాత ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. పిల్లవాడి చదువు గురించి మాట్లాడడానికి వచ్చిన ఆమె, వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగిపోయి ఇలా అన్నది: “మౌల్వీ సాబ్, రోగం ఉన్నన్నాళ్లూ అందరూ వచ్చారు. రోగం పోయిందనగానే అందరూ పోయారు. అది ఆయన ఒంట్లోంచి పోయిందేమో గాని, మా ఇంట్లోంచి పోలేదు. సబ్ర్ చేయమని అందరూ చెబుతున్నారు. ఎలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.”

ఈ వ్యాసం ఆ సోదరి మాటకు మేము ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఇంటికి చేరాక మొదలయ్యే బాధ

చికిత్స ముగిస్తే కష్టం ముగిసినట్లేనని మనం అనుకుంటాము. వైద్యులు చెప్పే మాట, అనుభవించినవారు చెప్పే మాట వేరుగా ఉంటుంది. కీమో, రేడియేషన్ ముగిసినా వాటివల్ల వచ్చిన అలసట నెలల తరబడి ఉండవచ్చు. అది ఒక రాత్రి నిద్రపోతే తీరే అలసట కాదు. అరచేతుల్లో, పాదాల్లో తిమ్మిరి మిగలవచ్చు. నోటికి రేడియేషన్ తీసుకున్నవారికి లాలాజలం తగ్గి ముద్ద మింగుడుపడదు. రొమ్ము ఆపరేషన్ జరిగినవారికి చేయి వాయవచ్చు. జ్ఞాపకశక్తి కొంత మందగించవచ్చు. చూసేవారికి మాత్రం మనిషి నిక్షేపంగా కనిపిస్తాడు. “ఇప్పుడు బాగానే ఉన్నావుగా, ఇక పనికి వెళ్లవచ్చుగా!” అనేస్తాము.

దీనికి తోడు భయం ఒకటి ఉంటుంది. చికిత్స జరుగుతున్నప్పుడు రోగి ఏదో ఒకటి చేస్తున్నానన్న ధైర్యంతో ఉంటాడు. అది ముగిశాక చేయడానికి ఏమీ ఉండదు, ఎదురుచూడడం తప్ప. ప్రతి కొన్ని నెలలకు పరీక్షలుంటాయి. పరీక్షకు వారం ముందునుంచి ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. నడుము నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా ‘మళ్లీ వచ్చిందేమో’ అన్న అనుమానమే. ఈ భయం విశ్వాస లోపం కాదు. నిప్పు కాల్చిన చెయ్యి మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లేటప్పుడు వణకడం లాంటిది.

అప్పుల సంగతి చెప్పనక్కరలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం ఎందరికో ఆపరేషన్ ఖర్చు తప్పించింది. కాని ఏడాది పాటు మిరప కోతలకు, సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్లలేకపోయిన ఇంటిలో అద్దె ఎలా కట్టాలి? పిల్లల ఫీజు ఎలా కట్టాలి? ఈ ఆలోచనలు కూడా రోగి గుండె మీద బరువే.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్ రోగి బాధ ఒక్కటి కాదని, శరీరబాధ, మనోబాధ, సంఘంలో కలిగే బాధ, ఆత్మకు కలిగే బాధ కలిసే ఉంటాయని వైద్యలోకానికి బోధించారు. మొదటిదానికి వైద్యుని దగ్గర మందు ఉంది. మిగతా మూడింటికి మందు చాలావరకు ఇరుగుపొరుగు చేతిలో, మస్జిదు చేతిలో ఉంది.

సహనమంటే కన్నీళ్లు మింగడం కాదు

‘సబ్ర్’ అన్న పదాన్ని మనం ఎంత తేలికగా వాడుతున్నామో ఒకసారి ఆలోచిద్దాం. రోగి తన భయం చెప్పబోతే “సబ్ర్ చెయ్యి” అంటాము. అంటే “ఇక మాట్లాడకు” అని. సహనబోధ పేరుతో మనం అతని నోరు మూస్తున్నాము.

దివ్య ఖుర్ఆన్ మనకు చూపిన సహనమూర్తులను గమనించండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయి. అయినా ఆయనది సుందరమైన సహనమే. తన వ్యథను ఆయన దాచలేదు, దైవసన్నిధిలో చెప్పుకున్నారు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) దీర్ఘవ్యాధితో బాధపడుతూ తనకు కలిగిన కష్టాన్ని ప్రభువుకు విన్నవించుకున్నారు. అయినా అల్లాహ్ ఆయనను సహనశీలిగానే ప్రశంసించాడు. మహాప్రవక్త ముహమ్మద్ (స) పసికందు ఇబ్రాహీమ్ కన్నుమూసినప్పుడు కన్నీరు కార్చారు. అది కారుణ్యమని సహచరులకు తెలియజేశారు. కనుక ఏడుపు సహనానికి విరుద్ధం కాదు. నిరాశలో మునిగిపోకుండా, ప్రభువును విడిచిపెట్టకుండా బాధను మోయడమే సహనం. బాధను చెప్పుకునేందుకు ఒక మనిషి దొరికితే ఆ బరువు మోయడం తేలికవుతుంది.

మరొక తప్పు కూడా మనవారు చేస్తుంటారు. “ఏ పాపానికి శిక్షో ఇది” అని రోగి వినేటట్లు గొణుగుతారు. అయ్యూబ్ (అలైహిస్సలాం) ఏ పాపం చేశారని వ్యాధిగ్రస్తులయ్యారు? రోగం విశ్వాసి పాపాలను రాల్చివేస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. శుభవార్తను నిందగా మార్చే హక్కు మనకు లేదు.

నందిగామలో రొమ్ము ఆపరేషన్ జరిగిన ఒక సోదరిని మా ఇంటివారు పరామర్శించి వచ్చారు. ఆమె పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. “జుట్టు ఊడినందుకు సిగ్గుపడి కాదు. ఏం కోశారు, ఎంత కోశారు అని అడుగుతారు. ఫలానావాళ్ల అత్తకూ ఇదే వచ్చింది, ఆరు నెలలు కూడా బతకలేదు అంటారు. అందుకే వెళ్లను” అన్నదట. ఇది వ్యాధి పెట్టిన బాధ కాదు, మనం పెట్టిన బాధ.

ఆయన మస్జిదుకు ఎందుకు రాలేదు?

మా పొరుగు సోదరుని విషయానికి వద్దాం. ఆపరేషన్ తరువాత ఆయన మస్జిదుకు రావడం మానేశాడు. బలహీనత వల్లనని మేము భావించాము. భార్య వచ్చి చెప్పిన తరువాత వెళ్లి కూర్చుని, చాలాసేపటికి అసలు కారణం విన్నాము. శస్త్రచికిత్సలో ఆయన పొట్ట పక్కన మార్గం చేసి మలం సంచిలోకి వచ్చేటట్లు అమర్చారు. అది ఎప్పుడు వస్తుందో ఆయన అదుపులో ఉండదు. ‘నా వుజూ నిలవదు, నా నమాజు చెల్లదు, నేను మస్జిదుకు పనికిరాను’ అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. నాలుగు నెలలు నమాజు లేకుండా, ఎవరినీ అడగలేక, రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మేము పాతికేళ్లుగా ఫిఖ్హ్ బోధిస్తున్నాము. ‘మాజూర్’ అధ్యాయం ప్రతి సంవత్సరం విద్యార్థులకు చెబుతూనే ఉన్నాము. మా మద్రసాకు సమీపంలోనే ఉన్న మనిషికి మాత్రం చెప్పలేదు. ఆయన అడగలేదు, మేము ఊహించలేదు. ఈ తప్పు మాది.

అందుకే ఇక్కడ స్పష్టంగా వ్రాస్తున్నాము. వుజూను భంగపరిచే కారణం ఆగకుండా ఉండి, ఒక నమాజు సమయమంతటిలో వుజూ చేసి ఫర్జ్ నమాజు చేసుకునేంత విరామం కూడా దొరకని వ్యక్తిని షరీఅత్ మాజూర్‌గా పరిగణిస్తుంది. హనఫీ మస్లక్ ప్రకారం ఆయన ప్రతి నమాజు సమయానికి ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఆ సమయం ముగిసేవరకు ఆ కారణం వల్ల వుజూ భంగం కాదు. ఆ వుజూతో ఫర్జ్, సున్నత్, నఫిల్ నమాజులు చేయవచ్చు, ఖుర్ఆన్ పారాయణం చేయవచ్చు. నమాజుకు ముందు సంచిని వీలైనంతవరకు ఖాళీ చేసి శుభ్రపరచుకోవాలి. సంచి గట్టిగా అమరి, మస్జిదుకు మలినం అంటే భయం లేకపోతే జమాఅత్‌కు రావడానికి సంకోచించనక్కరలేదు. వివరాలలో సందేహముంటే దగ్గరలోని ముఫ్తీని ఏకాంతంగా అడగండి, సిగ్గుపడకండి.

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చునని ప్రవక్త (స) తమ సహచరుడు హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ఆయన అనారోగ్యంలో బోధించారు. నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే తయమ్ముమ్ ఉంది. రమజానులో ఉపవాసం ఆరోగ్యానికి హానికరమైతే ఖజాకు అవకాశముంది, ఇక కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. ఈ సౌలభ్యాలు అల్లాహ్ ఇచ్చిన కానుకలు. వాటిని రోగి అడిగే వరకు ఆగకుండా ఆలిములు, ఇమాములు తామే వెళ్లి తెలియజేయాలి. ఒక మసలా తెలియకపోవడం ఒక మనిషిని ఎంత ఒంటరిని చేయగలదో మేము కళ్లారా చూశాము.

సేవ చేసేవారి బద్ర్

ఇక రోగి పక్కన ఉండేవారి సంగతి. ఉర్దూలో దీనిని తీమార్దారీ అంటాము. పరామర్శకు వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది రోగిని చూసి వస్తారు. ఆయనకు మందులు వేసే, పుండు కట్టే, రాత్రి నాలుగుసార్లు లేచే భార్యను ‘నువ్వెలా ఉన్నావు?’ అని అడిగేవారు ఒక్కరైనా ఉండరు.

హిజ్రీ 2వ సంవత్సరం, క్రీస్తుశకం 624లో బద్ర్ సంగ్రామం జరిగింది. అప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) సతీమణి, ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. భార్యను చూసుకోవడానికి మదీనాలోనే ఉండమని ప్రవక్త (స) ఉస్మాన్ (రజి)ను ఆదేశించారు. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్యా (రజి) కన్నుమూశారు. తరువాత ప్రవక్త (స) ఏం చేశారు? యుద్ధప్రాప్తిలో ఉస్మాన్ (రజి)కు ఒక వాటా ఇచ్చారు, బద్ర్‌లో పాల్గొన్నవారి పుణ్యం ఆయనకూ ఉందని ప్రకటించారు. రోగి మంచం పక్కన కూర్చున్న భర్తను ఇస్లాం రణరంగంలో నిలిచిన వీరుల వరుసలో చేర్చింది.

మన ఇళ్లలో ఈ బద్ర్‌ను ఎక్కువగా ఎవరు పోరాడుతున్నారు? భార్యలు, కోడళ్లు, పెద్ద కుమార్తెలు. భార్యకు జబ్బు చేస్తే వదినను పిలిపిద్దాం, కూతురి చదువు మాన్పిద్దాం అనుకునే పురుషులు ఉస్మాన్ (రజి) ఆదర్శాన్ని గుర్తుచేసుకోవాలి. భార్య జబ్బును చూసుకోవడం భర్త గౌరవానికి తక్కువ కాదు.

సేవ చేసేవారికి కూడా కోపం వస్తుంది, విసుగు వస్తుంది. మా పొరుగు సోదరి మరొక రోజు తలవంచుకుని చెప్పింది: “ఒక రాత్రి మూడోసారి లేపితే ఆయన మీద అరిచాను. తరువాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నా సేవంతా వృథా అయిందా, మౌల్వీ సాబ్?” వృథా కాలేదు, అమ్మా. మనిషివి కనుక అలసిపోయావు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా ఆరాధనతో తన శరీరాన్ని, ఇంటివారిని నిర్లక్ష్యం చేస్తుంటే హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను నిద్రపుచ్చారు. ప్రభువుకు, శరీరానికి, ఇంటివారికి ఎవరి హక్కు వారికి ఇవ్వాలన్నారు. సల్మాన్ చెప్పింది నిజమని ప్రవక్త (స) ధ్రువీకరించారు. ఆరాధనలోనే శరీరానికి హక్కు ఉంటే, సేవలో ఉండదా? సేవ చేసేవారికి నిద్ర దొరికేలా చూడటం చుట్టుపక్కలవారి బాధ్యత.

మస్జిదు ఆవరణలో గుడారం

ఖందఖ్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు ఆయన కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు ప్రవక్త (స). దగ్గరలో ఉంటే తరచుగా పరామర్శించవచ్చునని. క్షతగాత్రులకు సేవ చేసిన మహిళగా హజ్రత్ రుఫైదా (రజి) పేరు చరిత్రలో నిలిచింది. రోగి మస్జిదుకు భారం కాదు, మస్జిదు మధ్యలో ఉండవలసినవాడు.

మన తెలుగునేల మీద కూడా ఇలాంటి బాధ్యత తలకెత్తుకున్నవారున్నారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో పేదరోగులు ‘ఎం.ఎన్.జె.’ అని పిలుచుకునే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. అందులోని ‘ఎం.ఎన్.జె.’ అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా, తరువాత 1960లో గుజరాత్ తొలి గవర్నరుగా పనిచేసినవారు. మన ప్రాంతం నుంచి ఫైలు పట్టుకుని వెళ్లే ఎందరో ఆ పేరు వెనుక ఉన్న మనిషిని ఎరుగరు.

కేరళలో మరొక ఆదర్శం ఉంది. కోళిక్కోడ్‌లో 1993లో వైద్యులు కొందరు నొప్పి నివారణ, ఉపశమన సేవకు ఒక సంఘం ఏర్పాటు చేశారు. ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఆ పని సాధారణ ప్రజల చేతికి వచ్చింది. శిక్షణ పొందిన ఇరుగుపొరుగువారు రోగుల ఇళ్లకు వెళతారు, కూర్చుంటారు, వింటారు. చిన్నచిన్న చందాలతోనే ఎక్కువ ఖర్చు నడిచింది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సేవకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. ఆ మలప్పురం జిల్లాకు చెందిన కె.వి. రాబియా కాళ్లు చచ్చుబడినా 1990లో తన ఊరిలో వయోజనులకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. తరువాత క్యాన్సర్ చికిత్స చేయించుకుని మళ్లీ పనిలో పడ్డారు. 2022లో ఆమెకు పద్మశ్రీ లభించింది. జబ్బుపడిన మనిషి సానుభూతి పొందేవాడు మాత్రమే కాదు, సమాజానికి ఇవ్వగలవాడు కూడా అని ఆమె జీవితం చెబుతోంది.

మన జగ్గయ్యపేటలో, నందిగామలో ఇందుకు పెద్ద భవనాలు అక్కరలేదు. ప్రతి మస్జిదు పరిధిలో ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు ముందుకు వస్తే చాలు. వారు చేయదగిన పనులు ఇవి.

చికిత్స ముగిసిన ఇంటికి కనీసం ఒక సంవత్సరం పాటు, పదిహేను రోజులకు ఒకసారైనా వెళ్లాలి. చెప్పి వెళ్లాలి, కొద్దిసేపే కూర్చోవాలి. “ఎలా ఉంది?” అంటే “అల్‌హమ్దులిల్లాహ్” అన్న జవాబే వస్తుంది. “ఈ వారం ఏది కష్టంగా గడిచింది?” అని అడిగి చూడండి, మనసు విప్పుతారు. చనిపోయినవారి కథలు, ఆకుపసర్ల సలహాలు వద్దు. వైద్యుడు ఇచ్చిన మందు మానమని చెప్పడం ఎవరికీ తగదు.

పరీక్షకు వెళ్లే రోజున ఒకరు తోడు వెళ్లాలి. రైలులో చికిత్సకో, పునఃపరీక్షకో వెళ్లే క్యాన్సర్ రోగికి ఆసుపత్రి ధ్రువపత్రం మీద స్లీపర్, థర్డ్ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. ఇది చాలామందికి తెలియదు. అర్హులైనవారికి జకాత్ నుంచి ప్రయాణ ఖర్చు, ఇంటి అద్దె అందించవచ్చు. అయితే నలుగురి ముందు కవరు చేతిలో పెట్టి ఫొటో తీయకండి.

సేవ చేసే స్త్రీకి వారంలో ఒక పూట విశ్రాంతి ఇవ్వాలి. మహిళలు వెళ్లి ఇంటిపని చూస్తే, ఒక పురుషుడు రోగి దగ్గర కూర్చుంటే, ఆమె కడుపునిండా తిని నిద్రపోతుంది.

నిద్ర పట్టక, తిండి సహించక, ఎవరితో మాట్లాడక రెండు వారాలు దాటినా, చావు గురించి పదేపదే మాట్లాడినా దానిని విశ్వాస బలహీనతగా చూడకండి. క్రుంగుబాటు కూడా వ్యాధే, దానికీ వైద్యముంది. మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. దుఆ చేయండి, మందూ వాడండి. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదన్నది మన ధర్మం చెప్పలేదు.

ప్రవక్త (స) జబ్బుపడిన ఒక యూదు బాలుణ్ణి కూడా స్వయంగా వెళ్లి పరామర్శించారు. కనుక మన పరామర్శ మన గడపల వద్దనే ఆగకూడదు. మా పొరుగు సోదరుడు మంచంలో ఉన్నన్నాళ్లూ వారి వెనుక ఇంటి హిందూ కుటుంబం రోజూ మజ్జిగ పంపింది. ఎవరూ చెప్పకుండానే, నేటికీ పంపుతూనే ఉంది. మేము ఆలస్యంగా నేర్చుకున్నది వారికి ముందే తెలుసు.

ఆ సోదరుడు ఇప్పుడు జొహర్ నమాజుకు వస్తున్నాడు. చివరి సఫ్‌లో, తలుపు దగ్గర, కుర్చీలో కూర్చుంటాడు. భయం పూర్తిగా పోలేదు. వచ్చే నెల మళ్లీ పరీక్షలున్నాయి. ఈసారి చిల్లకల్లు కూడలిలో ఆ దంపతులిద్దరే నిలబడరు. మా విద్యార్థి ఒకడు వారితో వెళుతున్నాడు, ఫైలు వాడే పట్టుకుంటాడు.

ఈ సంచిక చదివి ముగించిన వెంటనే ఒకసారి ఆలోచించండి. మీ వీధిలో చికిత్స ముగించుకుని వచ్చిన ఇల్లు ఏది? చివరిసారి మీరు ఆ తలుపు ఎప్పుడు తట్టారు?

అల్లాహ్ రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను, వారికి సేవ చేసేవారికి బలాన్ని, మనకు వారి తలుపు తట్టే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.